పచ్చబూజు పుట్టుపూర్వోత్తరాలు

వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి... వీటిలో చేరి కాలేయాన్ని దెబ్బతీసే విషం అఫ్లాటాక్సిన్. దాన్ని తయారుచేసే బూజు డీఎన్‌ఏని శాస్త్రవేత్తలు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. విషం ఎక్కడ రాసి ఉందో, ఎప్పుడు బయటికొస్తుందో, దాని నోరు ఎలా నొక్కాలో తెలిసింది. ఆ తెలివి పొలం గట్టు దాకా, మార్కెట్ యార్డు దాకా రావడంలోనే ఉంది చిక్కంతా.

గుప్పెడు పల్లీలు నోట్లో పోసుకున్నప్పుడు ఒకటి చేదు తగిలితే వెంటనే ఉమ్మేస్తాం. ఇంకో నాలుగు మంచి గింజలు నమిలి ఆ సంగతి మరిచిపోతాం. ఆ చేదు, బూజు తగిలి ముక్కిపోయిన గింజది. నాలుక పసిగట్టింది కాబట్టి సరిపోయింది. నాలుకకు దొరకనిది ఇంకొకటుంది. అఫ్లాటాక్సిన్‌కు రుచి లేదు, వాసన లేదు. గింజలో ఉండే మోతాదులో రంగూ కనబడదు. వేయిస్తే కొంత తగ్గుతుందేమో కానీ పూర్తిగా పోదు. అది విచ్ఛిన్నం కావాలంటే 240 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తగలాలి. మన పొయ్యి మీద ఉడికే తిండేదీ అంత వేడెక్కదు.

ఆహార ధాన్యాల్లో అఫ్లాటాక్సిన్‌కు దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన హద్దు కిలోకి 15 మైక్రోగ్రాములు. అంటే వంద కోట్ల భాగాల్లో 15 భాగాలు (15 పీపీబీ). బాగా బూజు పట్టిన ఒక్క వేరుశనగ గింజలో గ్రాముకు ఒక మిల్లీగ్రాము విషం ఉన్న సందర్భాలు నమోదయ్యాయి. గింజ అర గ్రాము తూగుతుందనుకుందాం. అందులో 500 మైక్రోగ్రాముల విషం ఉన్నట్టు. ఆ ఒక్క గింజను పిండి చేసి కలిపితే 33 కిలోల మంచి పప్పు హద్దు అంచుకు చేరుతుంది. అదే కాయలో దాని పక్కనున్న గింజలో ఏమీ లేకపోవచ్చు కూడా. బస్తాలోంచి గుప్పెడు తీసి పరీక్షించి, బస్తా మొత్తం మంచిదని తేల్చడం అందుకే కష్టం.

ఈ విషాన్ని తయారుచేసేది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. పసుపు కలిసిన ఆకుపచ్చ పొడిలా కనిపిస్తుంది. మట్టిలో, ఎండిన ఆకుల్లో, కుళ్లిన కట్టెలో, గాలిలో అంతటా ఉంటుంది. చచ్చిన వాటిని తిని బతకడం దాని సహజ గుణం. సందు దొరికితే బతికున్న పంటలోకీ దూరుతుంది.

కుక్కలిచ్చిన సాక్ష్యం

1960లో ఇంగ్లండ్‌లో కొద్ది నెలల్లోనే లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయాయి. రోగమేమిటో తెలియక దానికి 'టర్కీ ఎక్స్' అని పేరు పెట్టారు. తీగ లాగితే బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర డొంక కదిలింది. ఆ చెక్కలోంచి తీసిన పదార్థాన్ని అతినీలలోహిత కాంతి కింద పెడితే కొన్ని మచ్చలు నీలంగా, కొన్ని పచ్చగా మెరిశాయి. నీలంగా మెరిసేవాటికి 'బీ' అనీ, పచ్చగా మెరిసేవాటికి 'జీ' అనీ గుర్తులు పెట్టారు. వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది బీ1.

కోళ్ల సంగతి సరే, మనుషుల మాటేమిటి? ఆ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే దొరికింది. దాన్ని వెలికితీసింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ.

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ జిల్లాల్లో రెండు వందలకు పైగా ఊళ్లలో ఒకే తీరు జబ్బు కనిపించింది. సన్నటి జ్వరం, వెంటనే కామెర్లు, ఆ వెనకే పొట్టలో నీరు, కాళ్ల వాపు. కామెర్లు అనగానే ఎవరికైనా ముందు తట్టేది వైరస్. కానీ ఈ జబ్బు మొక్కజొన్న రొట్టెలు తినే ఇళ్లనే పట్టుకుంది. పైగా ఆ ఇళ్లలో మిగిలిన రొట్టె తిన్న కుక్కలకూ పొట్ట ఉబ్బింది, కామెర్లు వచ్చాయి, అవీ చచ్చిపోయాయి. మనిషికీ కుక్కకూ ఉమ్మడిగా ఉన్నది తిండే. తార్నాక నుంచి వెళ్లిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్ తదితరుల బృందం ఆ మొక్కజొన్నను పరీక్షించింది. కిలోకి 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ తేలింది. నేటి హద్దుతో పోలిస్తే అది నాలుగు వందల నుంచి వెయ్యి రెట్లు.

కారణం చాలా మామూలుది. కోతల వేళ అకాల వాన పడింది. తడిసిన కంకులు ఆరకుండానే ఇళ్లలోకి చేరాయి. వేరే తిండి కొనుక్కునే స్తోమత లేని గిరిజన కుటుంబాలు ఉన్న గింజనే రోజూ విసురుకుని తిన్నాయి. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. 1975లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఆ నివేదికను అఫ్లాటాక్సిన్ గురించి రాసేవాళ్లు నేటికీ ఉదహరిస్తారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2004లో, తూర్పు కెన్యాలో అదే మొక్కజొన్న, అదే తడి, అదే పేదరికం కలిసి 317 మందిని మంచాన పడేశాయి. 125 మంది ప్రాణాలు పోయాయి.

కాలేయంలో వేలిముద్ర

ఇలాంటి మూకుమ్మడి మరణాలు అరుదు. కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్లే విషం చేసే చేటు ఎక్కువ. అది వార్తల్లోకి రాదు.

నిజానికి బీ1 ఒంట్లోకి వెళ్లేటప్పటికి అంత చురుకైనదేమీ కాదు. విషాన్ని కరిగించి బయటికి పంపడం కాలేయం పని. ఆ పనిలో భాగంగా అక్కడి ఎంజైములు దానికి ఒక ఆక్సిజన్ పరమాణువును తగిలిస్తాయి. చిక్కు అక్కడే వస్తుంది. అలా మారిన బీ1 డీఎన్‌ఏలో 'జీ' అక్షరాన్ని పట్టుకుంటుంది. కణం విడిపోతున్నప్పుడు ఆ చోట 'జీ'కి బదులు 'టీ' పడుతుంది. కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 అనే జన్యువులో 249వ సంకేతం దగ్గర ఈ తప్పు పదేపదే కనిపించింది. చైనాలోని చిడోంగ్ ప్రాంతంలోనూ, ఆఫ్రికా ఖండం దక్షిణ ప్రాంతంలోనూ కాలేయ క్యాన్సర్ రోగుల్లో సరిగ్గా ఇదే మార్పు ఉందని 1991లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి. ఒక తిండి విషం క్యాన్సర్ కణంలో ఇంత స్పష్టంగా వేలిముద్ర వదిలిన ఉదాహరణలు తక్కువ. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైన మొదటి జాబితాలో పెట్టింది.

దీనికి తోడుదొంగ హెపటైటిస్-బి. షాంఘైలో వేల మంది పురుషులను ఏళ్లపాటు గమనించి 1990లలో లెక్క తేల్చారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఒంట్లోకి వెళ్లినవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు, హెపటైటిస్-బి ఒక్కటే ఉన్నవారికి 7.3 రెట్లు. రెండూ ఉన్నవారికి 59 రెట్లు. పిల్లలకు వేయించే హెపటైటిస్-బి టీకా పల్లీలోని విషాన్ని తీసేయలేదు కానీ దాని జంటను మాత్రం విడదీస్తుంది. చిడోంగ్‌లో జనం మొక్కజొన్న మాని వరి అన్నానికి మారాక అక్కడ ఒంట్లో ఈ విషం ఆనవాళ్లు బాగా తగ్గాయి, కాలేయ క్యాన్సర్ మరణాలూ తగ్గాయి.

మూడో క్రోమోజోము అంచున

ఇక బూజు సొంత కథ. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన గ్యారీ పేన్, మేరీల్యాండ్‌లోని టీఐజీఆర్ జన్యు పరిశోధన సంస్థకు చెందిన విలియం నియర్‌మన్, అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు కలిసి ఈ బూజు జీనోమ్‌ను 2000ల మధ్యలో చదివారు. అందుకు ఎంచుకున్న రకం 'ఎన్‌ఆర్‌ఆర్‌ఎల్ 3357'. అది వేరుశనగ నుంచి వేరుచేసినదే. అక్షరాల లెక్క 3.7 కోట్లు. ఎనిమిది క్రోమోజోములు. సుమారు 12 నుంచి 13 వేల జన్యువులు. మన జీనోమ్ 300 కోట్ల అక్షరాలది. అది ఆశ్రయించే వేరుశనగ మొక్కది 250 కోట్లకు పైనే. వాటి ముందు ఇది పిట్ట కొంచెం.

ఆ 3.7 కోట్లలో అఫ్లాటాక్సిన్‌కు కావలసినదంతా దాదాపు 75 వేల అక్షరాల్లో ఇమిడిపోయింది. మూడో క్రోమోజోము అంచుకు దగ్గరలో సుమారు 30 జన్యువులు ఒకదాని పక్కన ఒకటి చేరి ఉన్నాయి. బూజు ముందుగా ఎసిటేట్ అనే చిన్న ముక్కలను గొలుసుగా అతుకుతుంది. దాంతో నార్సోలోరినిక్ ఆమ్లం అనే రంగు పదార్థం వస్తుంది. ఆపైన ఒక్కో ఎంజైము ఒక్కో మార్పు చేసుకుంటూ పోతే పదిహేను దాటిన మెట్ల తర్వాత బీ1 తయారవుతుంది. జీనోమ్ చదవడానికి ముందే శాస్త్రవేత్తలకు ఈ దారి తెలియడానికి ఆ రంగే సాయపడింది. మొదటి మెట్టు తర్వాతి జన్యువు చెడిపోయిన బూజును గాజు పళ్లెంలో పెంచితే పళ్లెం అడుగున ఇటుకరాయి ఎరుపు తేలుతుంది. రంగు ముందుకు కదలకుండా అక్కడే పేరుకుపోయిందన్నమాట. ఆ ఎరుపును పట్టుకునే 1992లో ఈ వరసలోని ఒక జన్యువును విడదీశారు. మిగిలినవి దాని పొరుగునే దొరికాయి.

ఈ జన్యువులన్నిటికీ ఒక పెద్ద ఉంది. దాని పేరు ఏఎఫ్ఎల్-ఆర్. అది కదిలితేనే మిగిలినవి పని మొదలుపెడతాయి. దాని మీద ఇంకో అధికారి 'లే-ఏ'. దాన్ని 2004లో విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన నాన్సీ కెల్లర్ బృందం కనిపెట్టింది. ఇది ఒక్క అఫ్లాటాక్సిన్‌నే కాదు, బూజు చేసే అనేక రసాయనాలను ఒకేసారి నడిపిస్తుంది. వేడి కూడా ఈ పెత్తనంలో వాటాదారే. 37 డిగ్రీల దగ్గర బూజు ఏపుగా పెరుగుతుంది, కానీ విషం జన్యువులు దాదాపు ఊరుకుంటాయి. 28, 30 డిగ్రీల దగ్గర పెరుగుదల కాస్త తగ్గినా విషం దండిగా వస్తుంది. బూజు ఎక్కువ కనబడితే విషం ఎక్కువ, తక్కువ కనబడితే తక్కువ అనే మన అంచనా అందుకే నిలబడదు.

ఈ జన్యువుల వరస ఇంకో చిన్న రహస్యం కూడా విప్పింది. దీని దగ్గరి బంధువు ఆస్పర్‌జిల్లస్ పారాసిటికస్ బీ, జీ రెండు రకాల విషాలూ చేస్తుంది. ఫ్లేవస్ మాత్రం బీ ఒక్కటే చేస్తుంది. ఎందుకంటే ఆ జన్యువుల వరస చివర ఒక తునక దాని వంశంలో ఎప్పుడో ఊడిపోయింది. ఉన్న బీ చాలు మనకు కీడు చేయడానికి.

అసలు బూజుకు ఈ విషంతో పనేమిటి? మన కాలేయం మీద దానికి పగేమీ లేదు. కార్నెల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఈగ లార్వాలున్న చోట విషం ఉన్న బూజు బాగా నిలదొక్కుకుంది. తనను తినే, తన తిండికి పోటీ వచ్చే పురుగులను తరిమే ఆయుధం ఇదని దాన్నిబట్టి అర్థమవుతోంది. ఆ దెబ్బలు మనకు తగులుతున్నాయి, అంతే.

తోబుట్టువు సాధువు

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌కు ఒక తోబుట్టువు ఉంది. పేరు ఆస్పర్‌జిల్లస్ ఒరైజే. జపాన్‌వాళ్లు దాన్ని కోజి అంటారు. సోయా సాస్, మీసో, సాకే అన్నీ దాని చలవే. అన్నం మీద, సోయా గింజల మీద దాన్ని పెంచి శతాబ్దాలుగా తింటున్నారు, తాగుతున్నారు. 2006లో జపాన్ బ్రూయింగ్ సొసైటీ దాన్ని 'జాతీయ శిలీంధ్రం'గా ప్రకటించింది కూడా. దాని జీనోమ్ 2005 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది. ఇదీ సుమారు 3.7 కోట్ల అక్షరాలే, 12 వేల జన్యువులే. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు అచ్చుగుద్దినట్టున్నాయి.

మరి ఒకటి విషం, ఒకటి విందు ఎలా అయ్యాయి? కోజి జీనోమ్‌లోనూ ఆ విషం జన్యువుల వరస ఉంది. కానీ అక్కడక్కడ తెగి, చెడి, పెద్ద జన్యువు నోరు మెదపకుండా పడి ఉంది. తరతరాలుగా మనిషి వంటింట్లో పెరిగిన బూజుకు పురుగులతో పోట్లాట లేదు. వాడని ఆయుధం తుప్పు పట్టింది. బూజంతా విషం కాదనీ, విషం దాని ఒంట్లో ఓ మూలనున్న, విడదీయగలిగిన భాగమనీ కోజి రుజువు చేసింది. ముందు చెప్పబోయే పరిష్కారాల్లో కొన్నిటికి పునాది ఈ మాటే.

ఫ్లేవస్ జీనోమ్‌లో ఇలాంటి రసాయనాల వరసలు 50కి పైగా ఉన్నాయి. చాలావాటి పనేమిటో ఇంకా తేలాల్సి ఉంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆధ్వర్యంలోని బృందం 2025లో వాటిలో ఒకదాన్ని తవ్వి 'ఆస్పెరిజిమైసిన్'లు అనే అణువులను బయటికి తీసింది. అవి ప్రయోగశాలలో రక్త క్యాన్సర్ కణాలను చంపాయి. మందుగా రావడానికి చాలా దూరం ఉంది కానీ, క్యాన్సర్ తెచ్చే బూజులోనే క్యాన్సర్‌ను కొట్టే పదార్థం దొరకడం విశేషమే.

బెట్ట పొలంలో ఆ ఆఖరి నెల

ఇప్పుడు అనంతపురం ఎర్ర నేలలకు వద్దాం. దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. ఖరీఫ్ వేరుశనగ ఇక్కడ చాలావరకు వానమీదే ఆధారం. ఊడలు నేలలోకి దిగాయి, కాయ ఊరుతోంది, అప్పుడు వాన మొహం చాటేసింది. ఈ బెట్ట కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాలపాటు సాగితే మట్టిలోని బూజుకు పండగే.

మామూలుగా వేరుశనగ గింజ తన మీద బూజు వాలగానే స్టిల్బీన్లనే సొంత మందు తయారుచేసుకుంటుంది. దానికి గింజలో తగినంత తేమ ఉండాలి. బెట్ట ముదిరి గింజ వాడితే ఆ శక్తి పోతుంది. నీడనిచ్చే ఆకు కూడా ముడుచుకుంటుంది కాబట్టి కాయ చుట్టూ మట్టి 28, 30 డిగ్రీలకు చేరుతుంది. విషం జన్యువులకు బాగా కుదిరిన వేడి సరిగ్గా అదే. దీనికి తోడు చెదలు, కాయ తొలిచే పురుగులు పొట్టుకు చిల్లులు పెడతాయి. కాయ నేలలో ఉండగానే విషం మొదలైపోతుంది.

కోత తర్వాత రెండో ప్రమాదం. కట్టె పీకి వామి వేసే తొందరలో కాయ సరిగా ఆరకపోతే, వామి లోపల ఉక్కకు బూజు రెచ్చిపోతుంది. మూడో ప్రమాదం మనం చేతులారా తెచ్చుకునేది. మిషన్లో ఒలిచేటప్పుడు పప్పు బద్దలు కాకుండా ఉండాలని కాయల మీద నీళ్లు చల్లే అలవాటు చాలాచోట్ల ఉంది. పది రోజులు ఎండలో పడిన కష్టం అరగంటలో నీళ్లపాలవుతుంది. తడిసిన పప్పును వెంటనే బస్తాకెత్తి గోదాములో పేరిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గుంటూరు, ఖమ్మం వైపు మిర్చి కల్లాల్లోనూ ఇదే వరస. నేల మీద ఆరబోసిన కాయ మీద రాత్రి మంచు పడటం, అకాల వాన కురవడం, లోపల తడి ఉండగానే బస్తాలకెత్తడం.

పాలలోకి దారి

నూనె తీసినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోతుంది. రిఫైనింగ్‌లో క్షారంతో శుద్ధిచేసే దశ నూనెలో మిగిలినదాన్నీ తీసేస్తుంది. గానుగ నూనెకు ఆ దశ ఉండదు. గానుగలో పడే గింజ మంచిదైతేనే ఆ నూనె మంచిది. ఇక చెక్క పశువుల దాణాలోకి వెళుతుంది. ఆవు, గేదె తిన్న బీ1 వాటి కాలేయంలో ఎం1 అనే విషంగా మారి ఒక రోజు తిరగకుండానే పాలలో కనిపిస్తుంది. తిన్నదాంట్లో మామూలుగా నూటికి ఒకటి రెండు పాళ్లు, పాలు బాగా ఇచ్చే పశువుల్లో అంతకన్నా ఎక్కువ ఇలా దిగుతుంది. పాలు కాచినా పోదు, తోడుపెట్టినా పోదు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు సేకరించి పరీక్షించింది. వాటిలో 5.7 శాతం నమూనాల్లో ఎం1 హద్దు దాటింది. కల్తీ గురించి వెతుకుతూ వెళ్లిన సర్వేలో కల్తీకన్నా పెద్ద సమస్యగా ఇది బయటపడింది. ఇందులో పాలవాడి మోసం లేదు, దాణాలో చేరిన బూజే కారణం. మంచి విషయమేమిటంటే దాణా మారిస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు తేటపడతాయి.

సీటు మీద కర్చీఫ్

మట్టిలో ఫ్లేవస్ బూజంతా విషం చేయదు. చేసేవీ చేయనివీ పక్కపక్కనే బతుకుతుంటాయి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త పీటర్ కాటీ అరిజోనా పత్తి చేలల్లో ఈ సాధు రకాలను ఏరి, వాటితోనే విషపు రకాలను గెంటేయవచ్చని చూపించారు. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, పంట పూతకు రాకముందే సాధు బూజును చేలో చల్లితే గింజ మీద చోటంతా అది ముందే ఆక్రమిస్తుంది. తర్వాత వచ్చిన విషపు బూజుకు నిలబడే జాగా ఉండదు.

ఈ రకాలు ఎందుకు సాధువులయ్యాయో వాటి జన్యువులే చెప్పాయి. కాటీ వాడిన 'ఏఎఫ్ 36'లో మొట్టమొదటి మెట్టు కట్టే జన్యువులో ఒక్క అక్షరం మారింది. దాంతో ఆ ఎంజైము తయారీ మధ్యలోనే ఆగిపోతుంది. వేరుశనగ కోసం 2004లో అమెరికాలో అనుమతి పొందిన 'అఫ్లా-గార్డ్' రకంలోనైతే ఆ వరస మొత్తం లేనే లేదు. ఒక్క అక్షరం తప్పు ఎప్పుడైనా దిద్దుకుంటుందేమోనన్న అనుమానం ఉండొచ్చు, అసలు లేని జన్యువులు తమంతట తాము తిరిగి మొలవవు. అయితే ఈ బూజుల్లో ఆడ-మగ తరహా కలయిక కూడా ఉందని 2009లో తేలింది. కలయిక అంటే జన్యువుల మార్పిడి జరగొచ్చు. చల్లే రకాలను జీనోమ్ చూసి ఎంచుకోవడం, చల్లాక కూడా కనిపెట్టి ఉండటం అందుకే అవసరం.

ఈ పద్ధతిని ఆఫ్రికాలో ఊరూరా తీసుకెళ్లినవారిలో ముందువరసలో ఉన్న శాస్త్రవేత్త రణజిత్ బందోపాధ్యాయ్. నైజీరియాలోని ఐఐటీఏ వ్యవసాయ పరిశోధన సంస్థకు వెళ్లకముందు ఆయన పనిచేసింది మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలోనే. నైజీరియాలో తయారైన 'అఫ్లాసేఫ్'లో ఆ దేశపు మట్టిలోనే దొరికిన నాలుగు సాధు రకాలుంటాయి. మొలకెత్తకుండా వేడిచేసిన జొన్నలకు వాటిని పట్టిస్తారు. హెక్టారుకు 10 కిలోలు, అంటే ఎకరాకు నాలుగు కిలోలు, పూతకు రెండు మూడు వారాల ముందు చల్లితే చాలు. విషం 80 శాతానికి పైగా తగ్గినట్టు పొలాల్లో రుజువైంది. ఒక దేశం బూజును ఇంకో దేశంలో చల్లరు. ఎక్కడికక్కడ మట్టి వెతకాలి, రకాలు చదవాలి.

పటాన్‌చెరులో జోడు కవచం

ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2017లో ఇంకో దారి చూపించారు. అమెరికాలోని డాన్‌ఫోర్త్ కేంద్రంతో కలిసి వేరుశనగలో రెండు మార్పులు చేశారు. మొదటిది, లూసర్న్ జాతి మొక్కల నుంచి తెచ్చిన డిఫెన్సిన్ జన్యువులు. ఇవి బూజును గింజలోకి చొరబడకుండా అడ్డుకుంటాయి. రెండోది ఇంకా తెలివైనది. గింజ చిన్నచిన్న ఆర్‌ఎన్‌ఏ తునకలు తయారుచేస్తుంది. చొరబడిన బూజులోకి అవి వెళ్లి విషం వరసలోని రెండు జన్యువుల నోరు నొక్కుతాయి. బూజు బతికే ఉంటుంది, విషం మాత్రం చేయలేదు. విషం జన్యువుల వరస తెలియకపోయి ఉంటే ఏ జన్యువు మీద గురిపెట్టాలో తెలిసేదే కాదు. మామూలు గింజల్లో విషం వేల పీపీబీల్లో పేరుకున్న పరీక్షలోనే ఈ గింజల్లో అతి తక్కువగా తేలింది.

కానీ ఇది జన్యుమార్పిడి పంట. మన రైతుల చేలల్లో చట్టబద్ధంగా వాణిజ్య స్థాయిలో సాగవుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. కాబట్టి అది విత్తనంగా రైతు చేతికి రావడం శాస్త్రవేత్తల చేతుల్లో మాత్రమే లేదు. ఈలోగా వేరుశనగ జీనోమ్ కూడా 2019లో పూర్తిగా చదివారు. ఆ పనిలోనూ పటాన్‌చెరుకు వాటా ఉంది. బెట్టను, బూజును రెంటినీ తట్టుకునే రకాలను మామూలు సంకరంతోనే తేవడానికి అది దారి చూపుతుంది.

పొలంలో... ఇంట్లో...

• కోతకు ముందు నెలలో బెట్ట వస్తే, వీలున్న రైతు ఒక్క తడి ఇచ్చినా విషం బాగా తగ్గుతుంది.

• కాయ పక్వానికి రాగానే పీకాలి. ఆలస్యమైతే చేలోనే బూజు ముదురుతుంది.

• కట్టెను తిరగేసి, కాయలు పైకి వచ్చేలా వరసలుగా ఆరబెట్టాలి. గింజలో తేమ 7, 8 శాతానికి దిగాకే బస్తాకెత్తాలి. మొక్కజొన్నకైతే 13 శాతం లోపు.

• ఒలిచేముందు నీళ్లు చల్లొద్దు. చిల్లులు పడినవి, నొక్కులు, తాలు కాయలు విడిగా తీసేయాలి. విషంలో చాలా భాగం వాటిలోనే ఉంటుంది.

• ఇంట్లో ముడుచుకున్న, రంగు మారిన, బూజు పట్టిన గింజలను ఏరి పారేయండి. కడిగి, ఎండబెట్టి వాడదామనుకోవద్దు. బూజు పోయినా విషం మిగులుతుంది.

• ఏరేసిన గింజలను పశువులకూ కోళ్లకూ పెట్టొద్దు. పాల రూపంలో తిరిగి మన గ్లాసులోకే వస్తాయి.

• పల్లీలు, కారం, పిండి నెలల తరబడి నిల్వ చేయకుండా కొద్దికొద్దిగా కొనుక్కోండి. తడి తగలని డబ్బాలో ఉంచండి.

తూకానికే ధర

ఇన్ని తెలిసినా విషం ఎందుకు తగ్గడం లేదు? జవాబు ప్రయోగశాలలో దొరకదు, యార్డులో దొరుకుతుంది. యార్డుకొచ్చిన వేరుశనగకు ధర దేన్నిబట్టి కడతారు? తూకం, తేమ, గుప్పెడు కాయలు ఒలిస్తే ఎంత పప్పు వచ్చింది, గింజ సైజెంత. విషం ఎంతుందన్న లెక్క ఆ ధరలో ఎక్కడా లేదు. రెండు రోజులు ఎక్కువ ఆరబెట్టిన రైతుకు తూకం తగ్గి నష్టమొస్తుంది. నొక్కులు ఏరి పక్కనపెట్టిన రైతుకు ఇంకాస్త నష్టం. అజాగ్రత్తకు నాలుగు రూపాయలు ఎక్కువ, జాగ్రత్తకు నాలుగు రూపాయలు తక్కువ ఇచ్చే సంతలో ఏ రైతును తప్పుపడతాం?

పరీక్షలు లేవా అంటే ఉన్నాయి, ఓడ ఎక్కే సరుకుకు. యూరప్ నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్లకు 4 పీపీబీ, బీ1 ఒక్కదానికి 2 పీపీబీ దాటనివ్వదు. అమెరికా హద్దు 20. అక్కడికి పంపే వ్యాపారి నమూనా తీస్తాడు, పరీక్ష చేయిస్తాడు, చెడ్డ గింజను యంత్రాలతో ఏరిస్తాడు, ఎందుకంటే రేవులో సరుకు వెనక్కి తిప్పితే అతను మునుగుతాడు. మన వీధి చివర కొట్లో విడిగా తూచి ఇచ్చే పల్లీకి, వాడకట్టు గానుగలో ఆడించే గింజకు, దాణా మిల్లుకెళ్లే చెక్కకు ఆ కాపలా లేదు. ఏరివేతలో పక్కకొచ్చిన గింజ ఎటు వెళుతోందో అడిగేవారూ లేరు.

యార్డులో పరీక్ష పెట్టడం అసాధ్యమేమీ కాదు. ఇక్రిశాట్ దశాబ్దాల కిందటే తక్కువ ఖర్చులో అయ్యే ఎలీసా పరీక్షను తయారుచేసింది. ఆఫ్రికాలోని మలావీలో చిన్న రైతుల సంఘం దాన్ని వాడుకుని తన పంటను ఎగుమతి చేసింది. అదే పరీక్ష అనంతపురం, కర్నూలు, వనపర్తి యార్డుల్లో లాటుకొక నమూనా చొప్పున చేసి, హద్దులోపు ఉన్నదానికి క్వింటాలుకు కొంత ఎక్కువ ధర కడితే ఏమవుతుంది? ఏ కరపత్రమూ చెప్పకుండానే కట్టె తిరగేసి ఆరబెట్టడం మొదలవుతుంది, ఒలిచే మిషన్ దగ్గర నీళ్ల డ్రమ్ము మాయమవుతుంది. సాధు బూజు చల్లడానికి ఎకరాకు పెట్టే ఖర్చు కూడా రైతుకు గిట్టుబాటవుతుంది. బడి పిల్లలకిచ్చే చిక్కీకి, అంగన్‌వాడీ పిండికి గింజ కొనేది ప్రభుత్వమే కాబట్టి, ఆ ధర కట్టడం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ప్రతి టెండరులో అఫ్లాటాక్సిన్ హద్దు రాసి, ప్రతి లాటుకూ పరీక్ష అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఎండలు పెరిగే కొద్దీ ఈ పని వాయిదా వేయడం ఖరీదైపోతుంది. ఒకప్పుడు ఈ బూజు బెడద పెద్దగా లేని యూరప్‌లోనే 2012 కరవు తర్వాత బాల్కన్ దేశాల మొక్కజొన్నలో, ఆ మరుసటి ఏడు సెర్బియా పాలలో అఫ్లాటాక్సిన్ తేలింది. సెర్బియా తన పాల హద్దును తాత్కాలికంగా పదింతలు పెంచుకోవాల్సి వచ్చింది. హద్దు పెంచితే కాగితం మీద సమస్య తీరుతుంది, కాలేయానికి తీరదు. మన దగ్గర హద్దు కాగితం మీద సరిగానే ఉంది. దాన్ని కొలిచే చేయి, దానికి కట్టే ధర యార్డులో లేవు. అవి రానంతకాలం శుభ్రమైన శెనక్కాయ మన నేలలో పండినా, మనకు ఎగుమతి సరుకుగానే మిగిలిపోతుంది.